నీలం సున్నా

సర్కిల్ ఆఫీసు, రెండో అంతస్తు, టౌన్ ప్లానింగ్ సెక్షన్.
ఏప్రిల్ నెల. పడమటి గోడకి ఆనించిన ఇనప బీరువా
నాలుగింటికి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.
ఆ బీరువా పక్కనే నాకో కుర్చీ వేశారు,
ఊళ్లో గోడలకి నీడ ఎట్లా ఇవ్వాలో చెప్పమని.

మొదటి వారం ఏమీ చెప్పలేదు. ఫైళ్లు చదివాను.
నూట పద్దెనిమిది ఇళ్లు.
నేరేడ్‌మెట్‌వి, మౌలాలి గుట్ట వెనకవి,
పేరు లేని గల్లీలవి, పేరు తప్ప ఏమీ లేని ఎన్‌క్లేవులవి.
అన్నిటికీ ఈశాన్యం మూలన ఒకటే నీలం సున్నా,
ఇంకుడు గుంత.
గీత కూడా
అన్నిట్లో ఒకే చోట తెగింది.

డ్రాఫ్ట్స్‌మన్ ఇఫ్తెకార్ దాచలేదు.
"పదహారేండ్ల కింద ఒక్కసారి గీసిన మేడమ్.
గప్పటి సంది అతికిస్తనే ఉన్న.
ఎవ్వరు అడగలే."

నేను నలభై పేజీల పుస్తకం తెచ్చాను,
గాలి గురించి, వెలుగు గురించి, రంగుల బొమ్మలతో.
ఆఫీసర్ నీరజాక్షి గారు దాన్ని చేత్తో తూచి
టీ గ్లాసు కింద పెట్టారు.
"రోజుకి పదకొండు ఫైళ్లమ్మా నాకు.
గడువు దాటితే కంప్యూటరే ఒప్పేసుకుంటుంది.
మీ గాలికి ఏ గడిలో టిక్కు పెట్టను?"

కోపం వచ్చింది.
రాత్రి బస్సులో, మెట్టుగూడ దాటాక,
ఆమె అడిగింది నిజమేననిపించింది.

మర్నాడు చైన్‌మన్ బుచ్చిలింగంతో సైటు మీదికి పోయాను.
ప్లాన్లో సున్నా ఉన్న చోట
గడ్డపార ఎత్తి వేశాడు.
ఖంగుమంది.
మళ్లీ వేశాడు. నిప్పురవ్వ.
"బండ మేడమ్. కింద మొత్తం ఒకటే బండ.
ఈ గుంతల ఇంకింది
ఇంకొక్కటే."

నవ్వలేదు అతను. నేనూ నవ్వలేదు.
ఆ మాట మాత్రం చెప్పుల్లో రాయిలా
ఆఫీసు దాకా నాతోనే నడిచింది.

నలభై పేజీలూ పక్కన పడేసి ఒక కాగితం రాశాను.
నీ స్థలంలో మొన్నటి వాన ఎటు పోయింది?
గడ్డపార ఎంత లోతు దిగింది? ఫోటో పెట్టు.
నాలుగింటి ఎండ ఏ గోడ మీద పడుతుంది,
ఆ గోడకి అద్దమా, సజ్జా?
ఉన్న వేపచెట్టుని ప్లాన్లో ఎందుకు గీయలేదు?
నీరజాక్షి గారు పెన్సిల్‌తో సగం కొట్టేశారు.
మిగిలిన వాటి పక్కన, స్కేలు పెట్టి,
గడులు గీశారు.

మొదటి ఫైలు వెనక్కి పోయిన రోజు
ఓనరు కరుణాకర్ రెడ్డి మెట్లెక్కి వచ్చాడు, ఫోను చెవికుండగానే.
"మట్టి నైరుతిలో ఉందట. నైరుతిలో గొయ్యి తీస్తే ఇల్లు నిలబడుతుందా?"
ఆమె తలెత్తలేదు.
"వానకి వాస్తు నేర్పించుకు రండి, సంతకం పెడతాను."

రెండు ఫోన్లొచ్చాయి పైనుంచి.
మూడోది రాకముందే బుచ్చిలింగం బేరం కుదిర్చాడు,
దక్షిణం గోడ మధ్యకి, ఆడ గూడ మొరం తగిలిందని.

ఆ వారం వచ్చిన మిగతా ఫైళ్లలో
సున్నా ఈశాన్యంలోనే ఉంది.
మా పడమటి గోడకి సజ్జ వేయించాలన్న నోటు
ఎస్టిమేట్ల సెక్షన్లో ఎండుతోంది.

అయినా ఆ ఒక్క ప్లానూ
ఇఫ్తెకార్ మళ్లీ చేత్తో గీశాడు.
గుండ్రంగా రాలేదు.

జూన్ మొదట్లో చూడ్డానికి వెళ్లాం.
గుంతలో కంకర, పైన ఇసక.
బుచ్చిలింగం తన సీసాలో మిగిలిన నీళ్లు
అందులో వంచి, మోకాళ్ల మీద కూర్చున్నాడు.
ఇద్దరం మాట్లాడలేదు.
నీళ్లు కాసేపు మా మొహాలు చూపించాయి.
తర్వాత, తొందరేమీ లేకుండా,
పోయాయి.